మెట్ల కింద రెండో దుప్పటి

నాన్నా, ఆసుపత్రి డ్యూటీకి వెళ్తున్నాను, పొద్దుపోయాకే వస్తాను. గిన్నెలో అన్నం నీకు, పళ్లెంలోది కుక్కకి. నిన్నటిలా నీదీ దానికే పెట్టేసి "ఆకలి లేదమ్మా" అని కథలు చెప్పకు. మన దొరగారికి ఇప్పటికే మెడ ఏదో పొట్ట ఏదో తెలియడం లేదు.

సైరన్ మోగితే తెరలు దించేసి, వెంటనే వీధి చివరి బంకర్‌కి వెళ్లు. మోకాలి నొప్పితో అంత దూరం నడవలేనని కాపలా ఆయనతో అన్నావట. అదే మోకాలితో నిన్న కుక్క వెనకాల వీధంతా పరిగెత్తావని పక్కింటి పిన్ని చెప్పింది. బంకర్లోకి కుక్కల్ని రానివ్వరనే నువ్వు వెళ్లడం లేదని నాకు తెలియదనుకున్నావా? మొన్న బాంబుల మోత ఆగకముందే పరిగెత్తుకొచ్చి చూస్తే, మెట్ల కింద దాని చెవులు రెండు చేతులతో మూసి కూర్చున్నావు. మరి నీ చెవులు ఎవరు మూస్తారు?

అన్నట్టు, మెట్ల కింద ఇంకో దుప్పటి పరిచాను, తీసేయకు. రేపు నాకు సెలవు. సైరన్ మోగినా బంకర్‌దాకా నడవలేను. పొద్దున్నించీ నాకూ మోకాలు నొప్పిగానే ఉంది.