బావ వెయ్యని ఓటు

లాంగ్రిగ్,
మంగళవారం

నా ఆగస్టా అక్కకు,

క్షేమంగా చేరాను. నీ జ్వరం తగ్గిందా? నాన్నగారు నన్ను గుర్తుపట్టారు, నీ గురించి అడిగారు. డాక్టరు మాత్రం పెదవి విరిచాడు.

మనసులో ఒక భయం ఉంది, నీకు కాక ఎవరికి చెప్పను? గనుల్లో చనిపోయినవాళ్ల భార్యలకు యజమానులు భరణం ఇవ్వాలన్న నా బిల్లు గురువారం పార్లమెంటులో, మా కామన్స్ సభలో ఓటుకొస్తుంది. దానికోసం ఏళ్ల తరబడి కాళ్లరిగేలా తిరిగాను. ఒక్క ఓటు తగ్గినా మునిగిపోతాం. అలాంటప్పుడు మీ ఆయన నన్ను రైలెక్కించాడు. "నువ్వు మీ నాన్న దగ్గరికెళ్లు. నువ్వు ఓటెయ్యవు కాబట్టి నేనూ వెయ్యను. జత కడదాం" అన్నాడు. ఎదుటి పక్షంవాడితో అలా జత కట్టడం మా సభలో మామూలే. కాగితం ఉండదు, మాటే. కానీ గనులన్నీ ఆయనవేనాయె, బిల్లు నెగ్గితే ముందు చిల్లు పడేది ఆయన జేబుకే. పైగా మీ పెళ్లయినప్పటి నుంచి నాన్నగారు ఆయన్ని మన గేటు దాటనివ్వలేదు. కసి ఉండదా?

ఈ సంగతి చెబితే నాన్నగారు పడుకునే నవ్వారు. "నిన్ను భలే బుట్టలో వేశాడ్రా. లండన్‌కి ఇంకా రైలుంది, పో" అన్నారు. అంటూనే నా చెయ్యి పట్టుకున్నారు, వదల్లేదు. ఇక నేనెక్కడికి పోను?

నీ తమ్ముడు,
రూపర్ట్


లాంగ్రిగ్,
శనివారం

అక్కా,

గురువారం మధ్యాహ్నం నాన్నగారు నా చేతుల్లోనే వెళ్లిపోయారు. నీకు తంతి కొట్టాక గానీ నాకు తట్టలేదు. ఆ క్షణం నుంచి నాన్నగారి బిరుదు నాది, నేను ఎర్ల్‌ని, ప్రభువుల సభవాణ్ణి. కామన్స్‌లో నాకిక ఓటే లేదు. నా ఓటే లేనప్పుడు నాతో కట్టిన జత ఎక్కడిది? నువ్వు జ్వరంతో ఉన్నావు, ఆ తంతి ముందు బావ చేతికే చేరుతుందే అని తల పట్టుకున్నాను.

ఇవాళ పరామర్శకొచ్చిన విల్మట్, ఆ రాత్రి సభలో ఉన్నవాడు, అంతా చెప్పాడు. ఓటింగు గంట మోగుతుంటే బావ పార్టీ పెద్ద ఆయన్ని సభ భోజనశాలలో పట్టుకున్నాడట.

"నీ బావమరిది ఇప్పుడు ఎర్ల్. జత తెగిపోయింది. లేచి రావయ్యా, గనులు నీవే కదా."

బావ మాంసం కోసుకుంటూ, "నేను మాటిచ్చింది తండ్రి దగ్గరికెళ్లిన కొడుక్కి. అతనింకా అక్కడే ఉన్నాడు. ఆ ఆవపిండి ఇలా ఇవ్వండి" అన్నాడట.

బిల్లు ఒక్క ఓటుతో నెగ్గింది. బావ లేచివుంటే ఓట్లు సమానమై వీగిపోయేది.

అక్కా, నాన్నగారి ఆఖరి రోజులు నాకిచ్చింది ఆయన. ఆ ఆడవాళ్ల పొయ్యి వెలిగేదీ ఆయన వల్లే. ఎదురుగా చెబితే వెక్కిరిస్తాడు గానీ, నా కడుపు నిండిపోయిందని చెప్పు.

సోమవారం అంత్యక్రియలు. చిన్నాన్న అప్పుడే సణుగుతున్నాడు. "ఆ గనులవాణ్ణి గేటు దాటనిస్తావా? మీ నాన్న ఉంటే ఒప్పుకునేవాడా?"

"ఒప్పుకునేవారు కాదు. కానీ ఇప్పుడు ఈ ఇంటికి ఎర్ల్‌ని నేను, చిన్నాన్నా" అన్నాను.

శవపేటిక వెనక ముందు వరసలో వారసుడు నడవాలి కదా. ఆ వరసలో నా పక్కన బావ నడవాలి. ఆయన వచ్చేదాకా పేటిక కదలదు.

నీ
రూపర్ట్