బిగించిన కుట్లు

మార్చి 3
చెల్లి మోకాళ్లు మొరాయిస్తున్నాయి. బరువు తగ్గాల్సిందే అన్నారు డాక్టర్. ఇంజెక్షన్లు రెండు రకాలు చెప్పారు. పాతది రోజూ వేసుకోవాలి. కొత్తది వారానికోసారి, ఎక్కువ తగ్గిస్తుందట, ఖరీదూ ఎక్కువే. వాంతులు రెండింటితోనూ రావచ్చట.
చెల్లి పాతదే అంది. నువ్వు రోజూ దేవుణ్ణి పిలువు, నేను రోజూ పొడుచుకుంటా, ఎవరి పని ముందవుతుందో పందెం అక్కా అంది.

మార్చి 19
వాంతులు. రోజంతా దాని వీపు నిమురుతూ కూర్చున్నాను.

ఏప్రిల్ 6
కొత్తదానికి మార్చారు. ఇది రెండు హార్మోన్ల పని చేస్తుందట. పై వాటాలో, దాని ఫ్రిజ్ తలుపులో నాలుగు నెలలకి సరిపడా డబ్బా నేనే పెట్టాను. నేను వేస్తానంటే వినలేదు. గుడ్డకి గుచ్చే సూది నీది, ఒంటికి గుచ్చేది నాకొదిలెయ్ అంది.

మే 25
తగ్గింది! తమ్ముడు వచ్చి, ఈ అమ్మాయెవరు పెద్దక్కా, సంబంధాలు చూడమంటావా అన్నాడు. పొట్ట పట్టుకుని నవ్వాం. వాడి బొజ్జకి ఏ ఇంజెక్షన్ మంచిదని దాన్నే అడిగాడు. పాతది పేగులు దేవేసేది, కొత్తది వేసుకున్నట్టే తెలియదురా అంది.
దాని బట్టలన్నీ కిందికి తెచ్చి పక్కలు బిగించాను. మిగులు గుడ్డ కత్తిరించలేదు, లోపలే వదిలాను. కస్టమర్లకైనా అంతే.
దేవుడికి థాంక్స్ చెప్పుకున్నాను.

జూన్ 30
మళ్లీ బిగించాను. కొలత తీస్తుంటే టేపు కింద ఎముకలు తగిలాయి.

జూలై 13
చెల్లి మంచం దిగలేకపోయింది. జ్యూస్ కోసం దాని ఫ్రిజ్ తెరిచాను. తలుపులో ఆ డబ్బా. నేను పెట్టినచోటే. సీలు కూడా తీయలేదు.
పక్కన కూర్చుని అడిగాను. ఒక్కటీ వేసుకోలేదట. మళ్లీ వాంతులవుతాయని భయపడిందట. అయినా బరువు దిగుతోంటే పాత మందే ఇంకా పని చేస్తోందనుకుందట. మీరందరూ అంత సంబరపడుతుంటే ఎలా చెప్పను అక్కా అంది.
మరి దేనికి తగ్గావే, అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. అది నా ముఖమే చూస్తోంది.

జూలై 21
పెద్దపేగులో. లివర్ దాకా పాకిందట. ఆ ఇంజెక్షన్‌కీ దీనికీ సంబంధం లేదన్నారు డాక్టర్. ముందే వచ్చి ఉంటే అంటూ రిపోర్టులు మడిచేశారు. తమ్ముడు కారిడార్‌లో గోడకి తల ఆనించి నిలబడిపోయాడు.

ఆగస్టు 9
ప్రార్థనకి కూర్చున్నాను. మాట రాలేదు.

సెప్టెంబర్ 2
తల దువ్వుతుంటే అడిగింది, పందెం ఎవరు గెలిచినట్టు అక్కా అని. చిక్కు తీస్తున్నట్టు దువ్వెన అక్కడే ఆపాను. చిక్కు పడేంత జుట్టు లేదు.
నువ్వు మాత్రం దేవుడితో పేచీ పెట్టుకోకు, నీకు ఆయన తప్ప మాట్లాడేవాళ్లు ఎవరున్నారే అంది.

సెప్టెంబర్ 28
అది పోయాక మొదటి ఆదివారం.
బట్టల పక్కకుట్లన్నీ విప్పాను. లోపలి గుడ్డ కొత్తగా ఉంది. అన్నీ పాత కొలతకి తెచ్చి ఇస్త్రీ చేశాను. అక్కడ, దేవుడి దగ్గర, దానికి ఇవే సరిపోతాయి.