ఎనిమిది చిన్న మరలు, ఒక భూతం

బాబాయ్‌కి,

ఫోన్ చేస్తే మధ్యలో అడ్డొస్తావు. అందుకే ఉత్తరం. కాగితానికి అడ్డొచ్చి చూడు!

ఎదురు కొండమీద కొత్తగా నిలబెట్టిన ఆ భూతంలాంటి గాలిమరకి రెక్కలు గీసింది నువ్వేనట. నా కొండమీది ఎనిమిది చిన్న గాలిమరల్నీ నెలాఖరు దాకా చూసి, కరెంటు చాలకపోతే పీకేస్తారట. వాటితోపాటు నన్నూనట. సొంత అన్న కూతురి పొట్టకొట్టే బొమ్మ గీయడానికి నీకు చెయ్యెలా వచ్చింది?

నేను కాలేజీ మొహం చూడలేదు. పాత మర విప్పి, బిగించి, మళ్లీ విప్పి పని నేర్చుకున్నా. ఎనిమిదిలో ఒకటి మూలపడితే ఏడు తిరుగుతాయి. నీ ఒక్కటీ మూలపడితే ఏం తిరుగుతుంది? నీ తల!

ఉడుకుతూ,
మీ అన్న కూతురు

తా.క. రోజూ ఎనిమిదీ ఎక్కి, తుడిచి, గ్రీజు పెడతా. నీ భూతాన్ని అలా చూసుకునేవాడు ఒక్కడున్నాడా?

*

కోతీ,

నీ ఉత్తరం కవరు కూడా కాలుతోంది. రెక్కలు గీసింది నేనే, దాచను. రెక్క పొడవు రెట్టింపైతే అది పట్టే గాలి నాలుగింతలు. ఎత్తుకెళ్లేకొద్దీ గాలి జోరూ ఎక్కువే. ఈ రూలు నేను పెట్టింది కాదు.

చిన్నవి పీకాలన్నది పెద్దసారు. కరెంటు అంకెలు బాగుంటే ఆయనే ఉంచుతారు.

చివాట్లకి అలవాటుపడ్డ,
బాబాయ్

తా.క. నీ అంకెలు చూశా. పొద్దున్నే ఎనిమిదీ ఒక్కసారిగా ఆగుతాయి, సాయంత్రానికి ఒక్కొక్కటే లేస్తాయి. ఆదివారం మాత్రం అన్నీ జోరే. అక్కడి గాలికి ఆదివారమంటే అంత ఇష్టమా?

*

బాబాయ్‌కి,

దొరికావు! గాలి వారం చూసుకుని వీస్తుందా? మామూలు రోజుల్లో నీ భూతం మా గాలి మింగేస్తోంది. ఆదివారం దానికి సెలవిస్తున్నారు. అంతే కదూ?

నేనూరుకోను. ఇవాళ్టినుంచి రోజుకి రెండుసార్లు ఎక్కుతున్నా. ఆదివారం సెలవూ మానేశా. ఒక్కో రెక్కా అద్దంలా తుడుస్తా, ఎలా ఓడిపోతానో చూస్తా!

పళ్లు కొరుకుతూ,
మీ అన్న కూతురు

తా.క. చిన్నప్పుడు కూడా అందరికన్నా పెద్ద పళ్లెమే కావాలని ఏడ్చేవాడివట, నాయనమ్మ చెప్పింది. రోగం పాతదే.

*

కోతీ,

కొంప మునిగింది. ఈ వారం నీ అంకెలు పాతాళానికి పోయాయి. ఆదివారం కూడా పడిపోయింది! నెలాఖరుకి పదిహేను రోజులే ఉన్నాయి. పీకడానికి క్రేను మాట్లాడమన్నారు పెద్దసారు.

ఒక్క మాట సూటిగా చెప్పు. ఎక్కేముందు మర ఆపుతావా?

కంగారుగా,
బాబాయ్

తా.క. పళ్లెం సంగతి మా ఆఫీసుదాకా రానివ్వకు.

*

బాబాయ్‌కి,

ఆపక? తిరిగే మర ఎక్కితే నన్ను గోనెసంచిలో దించాలి. ఒక్కొక్కటే ఆపడం విసుగని పొద్దున్నే ఎనిమిదీ ఒకేసారి ఆపేస్తా. తుడిచాక ఒక్కొక్కటే మళ్లీ...

ఆగు.

అయ్యో, బాబాయ్!

తలెత్తుకోలేక,
మీ అన్న కూతురు

తా.క. గ్రీజు డబ్బా బీరువాలో పెట్టి తాళమేశా. తాళంచెవి నాయనమ్మకిచ్చా. కాళ్లు పట్టుకున్నా ఇవ్వొద్దన్నా. రాత్రే పట్టుకున్నా. ఇవ్వలేదు.

*

కోతీ,

గెలిచావు! ఈ పదిహేను రోజుల్లో నీ ఎనిమిదీ ఎన్నడూ లేనంత కరెంటు ఇచ్చాయి. పీకడం రద్దు. పెద్దసారు బల్ల చరిచి మరీ అన్నారు: "ఇన్నాళ్లూ తెలీలేదయ్యా! మనిషి తాకకపోతేనే బాగా తిరుగుతున్నాయి!"

అందుకని అక్కడ నీ ఉద్యోగం తీసేశారు.

ఉత్తరం చింపకు, ఇంకో నాలుగు లైన్లున్నాయి. చిన్నవాటికి ఆరునెలలకోసారి గ్రీజు చాలు. నా పెద్దది మాత్రం కొత్త కదా, పైకెక్కి బోల్టులన్నీ సరిచూడాలి. సగం ఎక్కేసరికి అందరికీ కళ్లు తిరుగుతున్నాయి. భయమెరగని మనిషి ఒకతి ఉందని చెప్పా. సోమవారం నుంచి అది నీది.

దెబ్బలకి సిద్ధంగా,
బాబాయ్

తా.క. హెల్మెట్ పెట్టుకునే రాస్తున్నా.

*

బాబాయ్‌కి,

నిన్ను తిట్టడానికి నాలుగు పేజీలు రాసి జేబులో పెట్టుకుని ఎక్కా. పైకొచ్చాక ఒక్క మాటా గుర్తులేదు!

చిన్న మరలో ఒళ్లు మడుచుకుని పనిచేసేదాన్ని. ఇందులో నిలబడ్డా బాబాయ్, నడిచా! గద్ద నా కాళ్లకింద ఎగిరింది! దిగొచ్చి మీట నొక్కితే రెక్క మెల్లగా లేచి, హూమ్మని నా నెత్తిమీద నీడ వేసుకుంటూ పోయింది. కేక పెట్టా. ఎదురుకొండమీద నా ఎనిమిదీ ముద్దుగా తిరుగుతున్నాయి. వాటికి వినపడకుండా చెబుతున్నా: నాలుగింతలు నిజమే.

గుండె దడదడలాడుతూ,
నీ కోతి

తా.క. ఇంతకన్నా పెద్దది గీయవేం? ఇంత పిరికివాడివేంటి నువ్వు?