ఇంట్లో ఉన్నట్టే లెక్క

కాగితాల ప్రకారం ఈ ఇంట్లోనే కాపురముంటున్న మా వారికి,

ఇప్పటిదాకా మీ పేరున పోస్టు చేసిన తొమ్మిది కవర్లలోనూ తెల్లకాగితాలే పెట్టాను. "ఏదో ఒకటి పెట్టి అంటించు, ఖాళీ కాగితమైనా చాలు" అన్నారు కదా. ఇవాళ కాగితం మడుస్తుంటే పక్కనే పెన్ను కనిపించింది. ఎలాగూ ఎవరూ చదవరు, నాలుగు ముక్కలు రాస్తే పోయేదేముందనిపించింది.

అసలీ తతంగమంతా మీ బుర్రలో పుట్టిందే. ఈ దేశంలో శాశ్వతంగా ఉండొచ్చని మనిద్దరికీ కార్డులొచ్చి ఏడాది తిరక్కుండానే మీకు ఇంకో దేశంలో లిఫ్టులు బిగించే పని దొరికింది. రెండేళ్లేగా అన్నారు. వకీలు గారి దగ్గరికి వెళ్తే, అక్కడి పని తాత్కాలికమనీ అసలు ఇల్లు ఇక్కడేననీ అడిగినప్పుడల్లా చూపించగలగాలన్నారు. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లులు, పన్ను కాగితాలు, మీ పేరున వచ్చే ఉత్తరాలు జాగ్రత్త చేయమన్నారు. ఆయన చెప్పింది బ్యాంకు నుంచో, ఆఫీసు నుంచో వచ్చే ఉత్తరాల సంగతి. మీరేమో మనం ఆయన ఆఫీసు మెట్లు దిగకముందే, "ఉత్తరాలు రాకపోతే మనమే రప్పిద్దాం. నెలకి రెండు నా పేరున పోస్టు చెయ్యి. విప్పకు. అంటించింది ఊడితే పోస్టు ముద్రకి విలువుండదు" అన్నారు. మీరు కొలతల మనిషి, నేను ఎదురు చెప్పలేదు.

అందుకని పదిహేను రోజులకోసారి సందు చివర పోస్టాఫీసులో కవరు ఇచ్చి, మూడో రోజు మన డబ్బాలోంచి నేనే తీసుకుంటున్నాను. "పక్క వీధే కదమ్మా, చేతికివ్వొచ్చుగా" అంది కౌంటర్లో ఆవిడ. "మా ఆయనకి పోస్టులో వస్తేనే ఇష్టమండీ" అన్నాను. నన్నో పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

మీ బూట్లు గుమ్మం పక్కనే ఉన్నాయి. వారం వారం దుమ్ము దులుపుతున్నాను. మీ చొక్కాలు రెండు కొక్కేనికి వేలాడుతున్నాయి. ఎవరైనా తనిఖీకి వస్తే మీరు ఇప్పుడే బయటికెళ్లారనుకుంటారు. కళ్లద్దాల దుకాణంలో నాది వెనకగది. పొద్దుటినుంచీ అద్దాలు చెక్కి ఫ్రేముల్లో బిగించడమే పని. ఆ మిషను చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడదు. ఇంటికొస్తే మాట్లాడే మనిషే లేరు. ఒంటరిగా ఉందండీ. ఫోన్లో ఈ మాటంటే "ఇంకెంత, చూస్తుండగానే అయిపోతుంది" అంటారు. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

ఇంటికి కాపలా ఉన్న,
మీ ఆవిడ

*

ఏడాదికి రెండు వారాలు చుట్టంచూపుగా వచ్చే మా వారికి,

మీ రెండేళ్లు మూడో ఏట పడ్డాయి. "ఇంకొక్క బిల్డింగు" అన్నారు. సరే, అది వదిలేద్దాం.

మొన్న దుకాణంలో అద్దం చెక్కుతుండగానే పొట్టలో కుడివైపు పట్టుకుంది. మా యజమాని తన కారులో ఆసుపత్రిలో దింపి వెళ్లాడు. అపెండిక్స్ అన్నారు. ఆ పూటే ఆపరేషన్ చేశారు. మర్నాడు నర్సమ్మ వచ్చి, "ఇంట్లో మీతో ఎవరుంటారు?" అని అడిగింది. ఎవరూ లేరన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆవిడ కంప్యూటర్లో ఎక్కిస్తోంది. ఆ రాత ఎక్కడికెళ్లి ఏ ఆఫీసులో తేలుతుందో, మీ కార్డుకి ఏం చుట్టుకుంటుందో అని భయపడ్డాను. "మా ఆయనుంటారండీ" అన్నాను. "మంచిది. ఒంటరివాళ్లయితే ఇంకో నాలుగు రోజులు ఉంచుకుని, తర్వాత ఇంటికి మనిషిని పంపుతాం. మీకా ఇబ్బంది లేదు" అని ఏదో నొక్కింది. మూడోరోజు పంపించేశారు.

లిఫ్టులు బిగించే ఆయన పెళ్లాన్ని, లిఫ్టు లేని ఇంట్లో మూడంతస్తులు మెట్టు మెట్టుకీ కూర్చుంటూ ఎక్కాను. నాకే నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి. వారం రోజులు మంచినీళ్ల సీసా, రొట్టె పొట్లం మంచం పక్కనే పెట్టుకుని పడుకున్నాను. సీసా మూత తిప్పడానికి కూడా బలం చాలలేదు. పక్క దులిపేవాళ్లు లేరు. ఒకసారి కాలు తడబడి మీ బూట్ల మీద పడ్డాను. వాటిని పట్టుకుని అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఆ వారంలోనే మీరు ఫోన్ చేశారు. "గొంతేంటి అలా ఉంది?" అన్నారు. జలుబన్నాను. "సరే, ఫైలు తడి తగలకుండా పెట్టు" అన్నారు. ఎందుకు చెప్పలేదో తర్వాత చాలా ఆలోచించాను. చెబితే పని మానుకుని వచ్చేస్తారని కాదండీ. చెప్పినా రారేమోనని. ఆ సంగతి తేలిపోవడం నాకిష్టం లేకపోయింది.

మీ ఆవిడ

*

ఆదివారం రాబోయే మా వారికి,

కార్డు రెన్యువల్‌కి మీరు వస్తున్నారు. మంగళవారం ఆఫీసులో చూపించడానికి ఫైలు సర్దేశాను. ఈ కవరు అన్నిటికన్నా పైన పెడతాను. మీరు విప్పరని తెలుసు.

ఇంటాయనకి నోటీసు ఇచ్చేశాను. ఒకటో తారీఖు నుంచి దుకాణం వెనక వీధిలో ఒంటిగదికి మారుతున్నాను. కింది అంతస్తే. ఆపరేషన్ అయ్యాక ఈ మెట్లంటే భయం పట్టుకుంది. ఇంకో పూట ఒంట్లో బాగాలేకపోతే ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలనుంది నాకు. మీ ఇల్లు ఇక్కడే ఉందనడానికి నన్నిక్కడ పెట్టి వెళ్లారు. నేను మనిషినండీ, మీ ఫైల్లో కాగితాన్ని కాను. మీ పని పూర్తయ్యాక, మీరు విమానమెక్కే రోజున నోటితో చెబుతాను. అంతవరకు మీ పని చెడగొట్టను.

మీ ఆవిడ

*

మా అద్దాల డాక్టరుకి,

నువ్వు దుకాణం నుంచి వచ్చేసరికి ఆరవుతుంది. ఇప్పుడు మూడు. ఎదురుగా కూర్చుంటే నాకు మాట పెగలదు, కోపమొస్తే అడ్డంగా మాట్లాడతాను. అందుకని రాస్తున్నాను.

పొద్దున కార్డుల ఆఫీసులో ఒక పెద్దావిడ కూర్చుంది. ఒప్పందం చూసింది, బిల్లులు చూసింది, తలూపింది. చివర్లో ఉత్తరాల కట్ట తీసింది. "ఇవన్నీ మీకొచ్చినవేనా?" అంది. నాకేనండీ అని గర్వంగా చెప్పాను. అటూ ఇటూ తిప్పి, "ఒక్కటీ విప్పలేదేం? ఇంట్లో ఉండే మనిషి తన ఉత్తరం తను విప్పుకోడా?" అంది.

మూడేళ్లుగా అన్ని ప్రశ్నలకీ సిద్ధపడ్డాను గానీ, చిన్నపిల్లాడికి కూడా తట్టే ఈ ప్రశ్న నాకు తట్టలేదు. ఆవిడ పై కవరు నా ముందుకు తోసి, "విప్పి చదవండి. మీ భాష నాకు రాదు, మీరే అర్థం చెప్పండి" అంది.

చదివాను. ఇల్లు ఖాళీ చేస్తున్నావని అప్పుడు తెలిసింది. ఆపరేషన్ అని రాశావు, ఏ ఆపరేషనో తెలియలేదు. కింద ఇంకో కవరు విప్పుకోవచ్చా అని ఆవిణ్ణి అడిగాను. నా ఉత్తరానికి నేను పర్మిషన్ అడిగాను. ఆవిడ ఊ అంది. ఫోన్లో నీ గొంతు బాగోలేని నెల గుర్తొచ్చి, పోస్టు ముద్రల మీద తారీఖులు వెతికి, ఆసుపత్రి ఉత్తరం తీసి చదివాను. ఆదివారం నుంచీ ఇంట్లో ఉన్నాను. లేచేటప్పుడు నువ్వు గోడ పట్టుకుంటుంటే చూశాను కూడా. ఏమైందని అడగలేదు.

"ఏం రాశారు?" అంది ఆవిడ. 'మా ఆవిడ క్షేమం, నా కోసం ఎదురుచూస్తోంది' అని చెబితే సరిపోయేది. ఆవిడకి మన అక్షరం ముక్క రాదు. కార్డు చేతికొచ్చేది. ఆ మాట నోటిదాకా వచ్చింది, ఒట్టు. కానీ మెట్టు మెట్టుకీ కూర్చుంటూ ఎక్కానని నువ్వు రాసినదాన్ని అలా మార్చి చెప్పడానికి మనసొప్పలేదు. ఉన్నదంతా చెప్పేశాను. "ఆసుపత్రిలో ఈమె నేనింట్లో ఉన్నానని చెప్పింది. నేను లేనండీ. మూడేళ్లలో కలిపి రెండు నెలలు కూడా లేను" అన్నాను. ఆవిడ రాసుకుంది. తన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ రాసుకుంది.

కార్డు ఉంచేసుకున్నారు. ఆరు వారాల్లో విచారణ. అంతవరకు ఇక్కడే ఉండొచ్చు, దేశం దాటకూడదు. వకీలుకి ఫోన్ చేస్తే "మీకేమైనా మతి పోయిందా?" అన్నాడు. కంపెనీకి ఫోన్ చేసి రానని చెప్పాను. విచారణలో ఏం తేలుతుందో తెలియదు. నన్ను పంపించేసినా పంపించేయొచ్చు. నీ కార్డుకి ఢోకా లేదు, నువ్వు కదల్లేదు కాబట్టి. అది రెండుసార్లు అడిగి తెలుసుకున్నాను.

నోటీసు వెనక్కి తీసుకోమని నిన్నడగను. నువ్వు ఆ గదికే వెళ్లు. సామాను నేను దింపుతాను. నువ్వు బరువులెత్తకు.

ఇంకొకటి చెప్పాలి. బస్సులో వస్తూ నన్ను నేనే ప్రశ్నించుకున్నాను, ఆ వారం నువ్వు నిజం చెప్పి ఉంటే వచ్చేవాణ్ణా అని. ఆ నెలే పదకొండో అంతస్తు దాకా లిఫ్టు అప్పగించాలి. 'ఇంకో వారం ఓర్చుకోవే' అని ఉండేవాణ్ణి. నువ్వు నా గురించి అనుకున్నది నిజమే. నాకు సిగ్గుగా ఉంది.

ఈ కవర్లో నా తాళంచెవి కూడా పెట్టి కింద డబ్బాలో వేస్తున్నాను. ఎదురుగా బస్టాపులో కూర్చుని ఉంటాను. పైకి రమ్మంటేనే వస్తాను.

నీ లిఫ్టు మేస్త్రి