దిండు మీద మసి

గోవింద్‌పూర్,
ఆదివారం

చిరంజీవి బిందుప్రియకు అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ నాన్నా క్షేమం. రాంచీలో నువ్వు వేళకి తింటున్నావనే అనుకుంటున్నాను. క్షేమమని చెయ్యి అలవాటుగా రాసేసింది. కొట్టెయ్యను గానీ, ఉత్తరం చివరిదాకా చదువు.

సెమినార్‌కి 'ఫ్యులిజినస్' అనే మాట ఇచ్చారని, అదెక్కడ పుట్టిందో, ఎలా వాడతారో చెప్పమని అడిగావు. బడిలో ఇన్నేళ్లు ఇంగ్లీషు చెప్పినా నాకెప్పుడూ తగల్లేదు. పెద్ద నిఘంటువు దింపాను. లాటిన్‌లో 'ఫ్యులీగో' అంటే మసి. దాన్నుంచి వచ్చిన విశేషణం ఇది, మసిబారినది అని అర్థం. పొగ కమ్మిన ఆకాశానికీ, దీపం పొగకి నల్లబడ్డ పైకప్పుకీ వాడతారు. పాతకాలం వైద్యులు మనిషి ఒంట్లోంచి పొగలాంటిదేదో పైకి లేస్తుందని నమ్మి, దానికీ ఇదే మాట వాడేవారట. అక్కడ నిఘంటువు మూసేశాను. భయం వేసింది.

ఎందుకో చెబుతాను. ఫోన్‌లో మాట్లాడితే మీ నాన్న వింటారు, అందుకే ఈ ఉత్తరం. గమ్హరియా ఫౌండ్రీలో ఆయన్ని కొలిమి దగ్గర్నుంచి గేటు డ్యూటీకి మార్చారని నీకు తెలుసు కదా. అయినా పొద్దున లేచేసరికి ఆయన దిండు గలీబు మీద నల్లటి మరకలు. ఈ ఊళ్లో ఆరేసిన బట్టలకి మసి పట్టడం మనకేమైనా కొత్తా? నేను కిటికీనే తిట్టుకున్నాను. రెక్కలు బిగించి, సందుల్లో పాత చీర ముక్కలు కుక్కాను.

"ఏటే, ఊపిరాడకుండా సేత్తన్నావు? ఖిడ్‌కీ తియ్యి," అని దగ్గుతూనే కసిరారు.

తియ్యలేదు. పక్కనే ఉన్న నా దిండు తెల్లగానే ఉంది. ఆయనది నల్లబడుతూనే ఉంది. బిందూ, ఆ మసి బయట్నుంచి రావడం లేదు.

ఆస్పత్రి మాట ఎత్తితే నా మీద విరుచుకుపడతారు. ఇప్పుడు నేనిది రాస్తుంటే వచ్చి, ఎవరికని అడిగారు.

"పిల్లకి. ఏదో ఇంగ్లీషు మాటకి అర్థం అడిగింది."

"ఏటా మాట?"

"మసి," అన్నాను.

ఆయన మంచం దగ్గరికెళ్లి, మరక కిందికి పోయేలా దిండు తిరగేశారు.

"దానికి సెప్పకు. సదువుకోనీ," అన్నారు.

అంటే ఆయనకి ముందే తెలుసు.

చెప్పేశాను తల్లీ. నా మాట వినరు గానీ, నువ్వొచ్చి చెయ్యి పట్టుకుంటే ఆస్పత్రికి వస్తారు. సెమినార్ అయ్యేదాకా ఆగకు.

ఇట్లు,
నీ కోసం గుమ్మంలోనే ఉండే
మీ అమ్మ
గౌరీదేవి