మమత పేరున్న డీసీఎం

పంజాగుట్ట

శ్రీమతి మమత గారికి, సరుకు రవాణా అనుమతుల ఉపకార్యాలయం తెలియజేయునది.

అమీర్‌పేటలో మా తనిఖీ సిబ్బంది ఆపిన డీసీఎం బండి నుదుటిపై పసుపు రంగులో మీ పేరు ఉంది. ఆ పేరుతో సరుకు రవాణాకు మేము ఎవరికీ లైసెన్సు ఇవ్వలేదు. సంజాయిషీ అందేవరకు బండి మా ఆవరణలోనే ఉంటుంది.

ఇట్లు,
రాఘవేందర్, సూపరింటెండెంట్

తా.క.: మీ డ్రైవరు, ఒక వృద్ధుడు, మా సిబ్బందితో దురుసుగా మాట్లాడాడు. మందలించగలరు.

---

అమీర్‌పేట

సూపరింటెండెంట్ గారికి మార్కండేయులు నమస్కరించి రాయునది.

ఆ వృద్ధుణ్ణి నేనే. బండి నాది, లైసెన్సు నా పేరిటే ఉంది, నకలు జతచేశాను. మమత నా మనవరాలు, యూకేజీ చదువుతోంది. బండి నుదుట ఇంటి పిల్లల పేరు రాయించుకోవడం తరతరాలుగా ఉన్నదే. అది కూడా తెలియనివాళ్లు బండ్లు ఆపే ఉద్యోగం ఎలా చేస్తున్నారండీ?

ఇది పెళ్లిళ్ల సీజను. సిరిసిల్లలో బట్టల బేళ్లు కట్టి నా కోసం చూస్తున్నారు. నేను పోకపోతే వేరే బండి పెట్టుకుంటారు. ఒక్కసారి పోయిన గిరాకీ మళ్లీ రాదు. బండి వదలండి.

ఇట్లు, తమ విధేయుడు
మార్కండేయులు

తా.క.: మీ ఉత్తరం మమతకు చదివి వినిపించాను. నన్ను మందలించింది.

---

పంజాగుట్ట

మార్కండేయులు గారికి,

మమత గారు మిమ్మల్ని మందలించినట్లు మీరే రాశారు. అంటే మీరు ఆమె అజమాయిషీలో పనిచేస్తున్నట్లు రుజువైంది. ఒకరి లైసెన్సుతో మరొకరు వ్యాపారం చేయడం నేరం. ఆమె విడిగా దరఖాస్తు చేసుకోవాలి.

ఇట్లు,
రాఘవేందర్

తా.క.: విద్యార్హత దగ్గర యూకేజీ అని రాయవచ్చు. వ్యాపార అనుభవం దగ్గర అదే రాస్తే చెల్లదు.

---

అమీర్‌పేట

రాఘవేందర్ గారూ,

మీ ఆఫీసు మా గల్లీ నుంచి నడిచేంత దూరం. నిన్న నడిచే వచ్చాను. నోరు విప్పబోతే మీ గుమస్తా భూలక్ష్మి గారు, "ఏదున్నా రాసియ్యుండ్రి, నోటిమాట ఫైల్ల పెట్టొస్తదా?" అన్నారు. అందుకే రాస్తున్నాను. నాకు ఒళ్లు మండిపోతోంది. జుట్టు నెరిసేదాకా స్టీరింగు పట్టి, ఏనాడూ ఓవర్‌లోడు వేయని నేను దొంగ ఆపరేటర్నా?

సిరిసిల్లలో సరుకు పంపే జగదీశ్ ఫోన్ చేసి ఇంక ఆగలేనని, వేరే బండి మాట్లాడుకుంటానని చెప్పాడు. నా కడుపు మీద కొట్టకండి. గొడవ వదిలిపోతుందని మీ ఆవరణలోనే ఆ పేరు మీద నల్లరంగు పూసి వచ్చాను. పూస్తుంటే ఏడుపొచ్చింది.

ఇట్లు, విధేయత అడుగంటిన
మార్కండేయులు

తా.క.: పేరు చెరిపానని మమత నాతో మాట్లాడటం లేదు. అది కూడా మీ ఖాతాలోనే రాసుకోండి.

---

పంజాగుట్ట

మార్కండేయులు గారికి,

మా స్వాధీనంలోని బండిపై పేరు చెరపడం సాక్ష్యాన్ని తుడిచేయడమే. ఆమె వ్యాపారాన్ని మీరు కాజేయబోతున్నారని అనుమానం కలుగుతోంది. సోమవారం విచారణకు మమత గారు స్వయంగా హాజరు కావాలి.

ఇట్లు,
రాఘవేందర్

తా.క.: సాక్షిని ప్రలోభపెట్టరాదు. ఐస్‌క్రీం కూడా ప్రలోభమే.

---

పంజాగుట్ట

మార్కండేయులు గారికి, విచారణ అనంతర ఉత్తర్వు.

కుర్చీలోంచి కనబడనందున మమత గారిని నా బల్ల మీద కూర్చోబెట్టి విచారించాను. బండి ఎవరిదని అడిగితే తనదేనన్నారు. మరి మార్కండేయులు ఎవరని అడిగాను. "మా తాత. నా బండి నడుపుతడు. తాత సుత నావోడే," అన్నారు. విచారణ అక్కడితో ముగించాను.

యజమాని ఆమేనని నిర్ధారించి, లైసెన్సు ఆమె పేరిట మార్చడమైనది. ఆమెకు వయసు వచ్చేవరకు సంరక్షకుడిగా బండి మీరు నడపవచ్చు. చెరిపిన పేరు మళ్లీ రాయించడం షరతు. బండి తీసుకుపోండి.

ఇట్లు,
రాఘవేందర్

తా.క.: ఐస్‌క్రీం నేనే ఇప్పించాను. విచారణ ముగిశాకే.

---

సిరిసిల్ల

రాఘవేందర్ గారికి, బేళ్లు ఎక్కుతుండగా క్యాబిన్‌లో కూర్చుని రాయునది.

గిరాకీ దక్కింది. మీ మేలు మరవను. కానీ మీరు పెట్టిన చిచ్చు ఆరడం లేదు. నా బుద్ధి గడ్డి తిని ఆ ఉత్తర్వు కూడా మమతకు చదివాను. అప్పటి నుంచి బడికి పోనంటోంది. "నాకు లైసెన్స్ అచ్చింది గద తాతా, ఇంక సదువెందుకు?" అంటోంది. నేనూ ఏడో తరగతితోనే ఆపేసినవాణ్ణి. ఇంట్లో అందరూ నన్నే తిడుతున్నారు.

మీ షరతుల మీద అంత మండిపడ్డవాణ్ణి, చేతులు జోడించి అడుగుతున్నాను. బండి యజమాని రోజూ బడికి పోవాలని, పోకపోతే లైసెన్సు రద్దవుతుందని ఇంకొక్క షరతు పెట్టండి.

ఇట్లు, తమ పరమ విధేయుడు
మార్కండేయులు

తా.క.: ముద్ర గట్టిగా గుద్దించండి. ముద్ర లేని కాగితం ఆమె నమ్మడం లేదు.