గ్రేజ్ గోడ మీద నూనె చేయి

నవంబర్ 4, మంగళవారం

లేవగానే అదే గోడ కళ్లముందు. నా సంఘంలోని సువర్ణ వాళ్ల హాలు గోడ... దాని మీద నా ఐదు వేళ్లు.

ఆదివారం సాయంత్రం వాళ్లమ్మ ఎస్తేరమ్మ కోసం ప్రార్థన. పక్షవాతం వచ్చిన మనిషి, చక్రాల కుర్చీలోంచి ఆమేన్ ఆమేన్ అంటూంటే నాకు ఇంకా ఊపు. అరచేతిలో నూనె పోసుకుని ఆమె నుదుటికి రాశాను. అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. ఈ ఇంటి గోడలకు కూడా అభిషేకం అని కేకవేసి చెయ్యి చాచి కొట్టాను. గోడకు రాయమని దేవుడు చెప్పలేదు. నేనే.

సువర్ణ గిన్నెల సబ్బుతో రుద్దింది. మరక పోలేదు. పళ్లెమంత అయింది.

పదహారున ఓనరు విమలమ్మ బేగంపేట నుంచి వస్తుంది. పదకొండు నెలల అగ్రిమెంటు అయిపోతోంది. ఇల్లు చూసుకుని, బాగుంటే మళ్లీ రాస్తుంది. ఇల్లిచ్చిన రోజే అందట — "మీ ప్రార్థనలు మీరు చేసుకోండ్రి, నాకేం తక్లీఫ్ లేదు. గోడకు మాత్రం మేకు వద్దు, మరక వద్దు." సీతాఫల్‌మండిలో మెట్టు లేని ఇల్లు వీళ్లకు దొరికింది అదొక్కటే, అదీ ఎనిమిది నెలలు తిరిగాక. పేరు వినగానే తలుపేసినవాళ్లు కొందరు. కుర్చీ చూడగానే వేసినవాళ్లు కొందరు.

ఆ ఇల్లు పోకూడదు. పన్నెండు రోజులు. గోడను ఎలా ఉండేదో అలా చేసి తీరతాను.

నవంబర్ 5, బుధ

నా దర్జీ కొట్టులో కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి, చిలకలగూడలోనే రంగుల కొట్టుకు. ఫోనులో గోడ ఫొటో చూపించాను. కొట్టతను ఏదో పాత షేడ్ కార్డు దులిపి తీశాడు.

"గిది గావచ్చు సార్. కానీ గీ షేడ్ బందయి రెండేండ్లాయె. కంపెనీ తీసేసింది."

వేరే కంపెనీ కార్డు పరిచాడు. ఇలాంటివి అందులో పద్నాలుగు. అసలు దీన్ని ఏ రంగంటారయ్యా అంటే — "గ్రేజ్. గ్రే కాదు, బేజ్ కాదు. నడిమిట్ల."

నడిమిట్ల! ప్రకటన గ్రంథంలో వేడీ చల్లా కాని లవొదికయ సంఘం రంగు. నులివెచ్చన. ముప్పై ఏళ్లుగా ప్రసంగాల్లో దేని మీద గొంతు చించుకున్నానో దాన్నే ఇప్పుడు డబ్బాలో పెట్టి ఇమ్మని అడుగుతున్నాను.

నవంబర్ 6

కార్డు గోడకు ఆనించి చూశాను. బట్టకు దారం కలిపే కన్ను నాది. ఎవరు జాకెట్టు ముక్క తెచ్చినా, కొట్టు బయటికి వచ్చి ఎండలో ఒక్క చూపు — చాలు. ఇక్కడ ఆ కన్ను ఓడిపోయింది. పొద్దున బూడిద. మధ్యాహ్నం ఇసుక. సాయంత్రం ట్యూబులైటు వేస్తే లేత ఊదా. ఒక్క గోడకు మూడు ముఖాలు.

నవంబర్ 7

గోడ పెచ్చు తెస్తే కొట్టులో రంగు కలిపే మిషనే చూసి చెబుతుందట. కనబడే చోట గీకడం దేనికని ఓనరమ్మ వదిలిన బీరువా వెనక నుంచి రూపాయి బిళ్లంత తీశాను. తెలివిగానే చేశాననుకున్నాను. మిషను చూసింది, నంబరు చెప్పింది. తెల్ల రంగులో చుక్కలు పడ్డాయి, డబ్బా గడగడా ఊగింది. ఒక లీటరు.

నవంబర్ 8, శని

మరక మీద వేశాను. తడిగా ఉన్నంతసేపు దగ్గరగానే ఉంది. ఆరాక... గోడంతా ఒకటి, ఆ ముక్క ఒకటి. కొత్త కిటికీ పెట్టినట్టు. పైగా దాని నడుమ వేళ్లు మళ్లీ తేలుతున్నాయి.

ఎస్తేరమ్మ ఒక్కో మాట కూడదీసుకుని — "ఇగ... ఫ్రేమ్ గట్టు తమ్మీ. ఫొటో లెక్క... ఉంటది."

సువర్ణ నవ్వలేదు. ఆసుపత్రి డ్యూటీకి చెప్పులేసుకుంటూ — "ఆగమాగం జేసిన్రు గద అన్నా." అంతే.

నవంబర్ 9, ఆదివారం

ఈ వారం ప్రసంగం నెల కిందటే అనుకున్నది. యెహెజ్కేలు — పగిలిన గోడకు సున్నం పూసి బాగుందని చెప్పే ప్రవక్తలు. షురూ చేశాక గుర్తొచ్చింది. బల్ల మీద కొడుతున్న చేయి అదే చేయి. మూడో వరుసలో సువర్ణ, తల వంచుకుని. ప్రసంగం మధ్యలో ఆపి, దగ్గు వచ్చినట్టు నీళ్లు తాగాను.

ఆత్మ కదిలిందనుకుని ఇద్దరు ఏడ్చారు. దిద్దలేదు నేను.

నవంబర్ 10

యాదగిరిని పిలుచుకొచ్చాను. గోడలకు రంగులేసేవాడు. వాడి ప్యాంట్లు పొట్టి చేసేది నేనే. గోడ చూశాడు, బీరువా వెనక చూశాడు, నన్ను చూశాడు.

"గీడికెల్లి తీసినవా పెచ్చు? బీరువ ఎన్క ఎండ వడ్తదా, పోపు పొగ వోతదా? అది నాలుగేండ్ల కిందటి రంగు పెద్దమనిషీ. బయట గోడ ముసల్దయింది. నువ్వు పడుసు పిల్లను దెచ్చి పక్కన నిలవెట్టినవ్."

వాసన చూశాడు. "నూనె మీద నీళ్ల రంగు నిలవడది. ఏం నూనె ఇది? గోడ మీద మిర్చి బజ్జీలు గిట్ల ఏసిన్రా?"

చెప్పాను. నవ్వుతాడనుకున్నాను.

"మా అమ్మ సుత గడపకు పసుపు రాస్తది. కడిగితె పోతది గాని అది."

నవంబర్ 11

పనయ్యేదాకా ఎస్తేరమ్మ వంటింట్లో. యాదగిరి థిన్నర్‌తో మరక తుడిచి, గీకి, మరక మళ్లీ పైకి తేలకుండా ఆయిల్ ప్రైమర్ పట్టించాడు. గోడ మీద తెల్లటి మచ్చ ఇప్పుడు.

ఇంటికొచ్చి బైబిల్లో లేవీయకాండం పద్నాలుగో అధ్యాయం తీశాను. మచ్చ పడిన ఇంటి సంగతి. గీకించడం, కొత్త అడుసు పూయించడం అన్నీ తెలిసినవే, చాలాసార్లు చెప్పినవే. కానీ మొదటి మెట్టు... ఇంటివాడు తానే యాజకుడి దగ్గరికి వెళ్లి నా ఇంట్లో మచ్చ కనబడుతోంది అని చెప్పాలి. తానే వెళ్లి. ఇన్నేళ్లు ఈ ముక్క దాటుకుంటూ పోయాను.

నవంబర్ 12, బుధ

ఈసారి ఆ గోడకే కిటికీ పక్కన, మనిషి ఎత్తులో పెచ్చు. రెండు కొట్లు, రెండు కంపెనీలు. ఒకరి మిషను ఎరుపు ఎక్కువ కలిపింది, ఇంకొకరిది ఆకుపచ్చ. కార్డులోని పేర్లు నమ్మను, మిషను మాట నమ్మను. చిన్న డబ్బాలు ఐదు తెచ్చి, అట్టముక్కల మీద రెండేసి పూతలు వేసి ఆరబెట్టాను. వెనక నంబర్లు. గోడకు వరసగా.

నేను నాలుగోది అన్నాను. యాదగిరి మూడోది.

వంటింటి గుమ్మంలోంచి ఎస్తేరమ్మ — "రెండోది."

"గది మరీ ముదురమ్మా" — యాదగిరి.

"పొద్దంత... దాన్నే జూస్త నేను. మీరెప్పుడన్న... జూసిన్రా? రెండోది. జెర... పసుపు తక్కువున్నది."

రెండోది పట్టుకుని కొట్టుకు పరుగెత్తాను. పసుపు ఒక్క చుక్క వేయమన్నాను. వేశాడు. అట్ట మీద వేసి, ఆరబెట్టి, తెచ్చి ఆనించాను. గోడలో కలిసిపోయింది... అట్ట అంచు మాత్రమే కనబడుతోంది. నా కన్ను గొప్పదనుకున్నాను ఇన్నాళ్లు.

నవంబర్ 13

"ముక్క వెయ్యద్దు. ఈ మూలకెల్లి ఆ మూల దాక మొత్తం ఏద్దాం. మూల కాడ వెలుతురే మారుతది, ఎవనికి దొరకదు" — యాదగిరి. రెండు పూతలు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, కిటికీలన్నీ తెరిచి.

నవంబర్ 14, శుక్ర

పొద్దున చూశాను. మధ్యాహ్నం చూశాను. ట్యూబులైటు వేసి చూశాను. దొరకలేదు. నా చేతిని నేనే వెతుక్కుని కనుక్కోలేకపోయాను. స్తోత్రం!

ఆ సంతోషంలోనే సువర్ణతో అన్నాను — విమలమ్మగారు వచ్చినప్పుడు జరిగింది నేనే చెబుతాను, దాచింది ఏనాటికైనా బయటపడుతుంది, తప్పు నాది కదా అని.

"తప్పు మీది. ఇల్లు నాది అన్నా. చెప్పి మీరు తేలికైపోతరు. నేను అమ్మనెత్తుకొని యాడికి వోవాలె?"

అట్టముక్కలు, ఖాళీ డబ్బాలు సంచిలో వేసుకుని వచ్చేశాను.

నవంబర్ 15

ప్రార్థించాను. చెప్పమనడానికి వాక్యం దొరుకుతోంది. ఊరుకోమనడానికీ దొరుకుతోంది. భయం అదే.

నవంబర్ 16, ఆదివారం

విమలమ్మ ఆరాధన వేళకే వచ్చింది. సంఘాన్ని పాటల మీద వదిలి పరుగెత్తాను. నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి కుళాయిలు తిప్పి చూస్తోంది. సువర్ణ నా వైపు ఒక్క చూపు చూసింది. నోరు మూసుకున్నాను.

హాల్లోకి వచ్చి ఆ గోడ ముందే నిలబడింది. ఎస్తేరమ్మ కుర్చీ చక్రాన్ని గట్టిగా పట్టుకుంది.

"మంచిగ వెట్టుకున్నవ్ బిడ్డా. వేరేటోళ్లయితె బొగ్గు జేస్తుండె. కాయితం మంగళవారం పంపిస్త, సంతకం వెట్టు."

సువర్ణ కళ్లలో నీళ్లు. నాకు ఊపిరి వచ్చింది. విమలమ్మ చెప్పులు వేసుకుంటూ నా వైపు తిరిగింది.

"మీరు దర్జీ పని జేస్తరట గద. రంగులెరుకై ఉంటయి. బేగంపేటల మా హాలుకు గిదే రంగు ఏపిద్దమనుకుంట, మా పెయింటర్ మర్చిపోయిండు. కంపెనీ యాదికున్నది, నంబరే లేదు. జెర కనుక్కొని నాకు ఫోన్ల పంపుండ్రి. మీరు దేవుని మనుషులు, నమ్మకం."

సరేనమ్మా అన్నాను. ఇంకేమనగలను.

నవంబర్ 17, సోమ

కొత్త కంపెనీ నంబరు పంపితే గోడకు మళ్లీ రంగు పడిందని ఆమెకు తెలిసిపోతుంది. తను వేయించిన కంపెనీ ఏదో ఆమె మర్చిపోదు. పాతది పంపితే కొట్టువాడు బందయిందంటాడు, నేను తప్పించుకుంటాను. పైకి అబద్ధం కూడా కాదు. కానీ ఆమె అడిగింది ఇప్పుడు గోడ మీద ఉన్న రంగు. నమ్మి అడిగింది. తెలియదు అంటే... రెండు కొట్లు, ఐదు అట్టలు తిరిగినవాణ్ని, ఎట్లా అంటాను.

కాగితం రేపు. సంతకం ఇంకా పడలేదు.

"అమ్మా, వందనాలు. ఆ గోడ రంగు గురించి" — ఇక్కడిదాకా టైపు చేశాను. మూడుసార్లు చెరిపాను, మూడుసార్లు అదే రాశాను. సువర్ణను అడగకుండా ఒక్క అక్షరం పంపను, ఈసారి నా ఊపు మీద ఏదీ జరగదు. ఆమె ఏమంటుందో నాకు తెలుసు. అయినా అడుగుతాను.

ఆమె డ్యూటీ దిగేది ఆరింటికి, అప్పటిదాకా ఫోను ఎత్తదు. ఇప్పుడు నాలుగు. విమలమ్మ నుంచి మెసేజ్ వచ్చింది — తన పెయింటర్ రంగుల కొట్టులోనే నిలబడి ఉన్నాడట, నంబరు దొరికిందా అని.